మనవాళ్లేనా?

బందరు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో మాట్లాడదామంటే హాల్లో మీ నాన్న ఉంటారు. వాట్సాప్‌లో ఇంత పొడుగు టైప్ చేసే ఓపిక నా బొటనవేలికి లేదు. ముప్పై రెండేళ్లు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఇది, కాగితం మీదైతేనే మాట సాగుతుంది. రేపు పక్కింటి కుర్రాడి చేత స్కాన్ చేయించి మెయిల్‌లో పంపుతాను. వాడు చదువుతాడేమోనన్న భయం లేదులే, వాడిది మొదటినుంచీ ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవడం రాదు.

పోయిన ఆదివారం నువ్వు నీకు నచ్చిన ఆ అబ్బాయి సంగతి చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఇంటిపేరేంటి?" అని. నువ్వు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, నువ్వు కూడానా" అని ఫోన్ పెట్టేశావు. రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు ఒక ఫోటో వచ్చింది. లిస్బన్‌లో ఏదో చర్చి ముందు చిన్న కూడలి, రాతి మీద ఆరు కోణాల నక్షత్రం, కింద నీ మెసేజ్: "ఇక్కడ 1506 అని ఉంది. ఏంటో తెలుసా, సోషల్ టీచరుగారూ?"

తెలియదు తల్లీ. నేను చెప్పిన పాఠంలో పోర్చుగల్ అంటే ఒక్క మార్కు ప్రశ్న. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరెను, అంతే. హంపీ పాఠంలో పేస్, న్యూనిజ్ అనే పోర్చుగీసు యాత్రికులు వచ్చేవాళ్లు. వాళ్లు మన రాయలవారి గురించి ఏం రాశారో గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. వాళ్ల దేశంలో అప్పుడేం జరుగుతోందని నేనూ ఆలోచించలేదు, పిల్లలూ అడగలేదు. అందుకే ఈ వారమంతా కళ్లజోడు తుడుచుకుంటూ చదివాను. చదివింది నీకు చెప్పాలి. ఇంటిపేరు అడిగిన సంగతి కూడా అందులోనే వస్తుంది.

నువ్వు నిలబడ్డ చర్చి పేరు సావ్ డొమింగోస్. 1506 ఏప్రిల్ 19, ఆదివారం. ఊళ్లో ప్లేగు, రాజు మాన్యుయెల్ ఊరొదిలి దూరంగా ఉన్నాడు. చర్చిలో జనం కిక్కిరిసి ప్రార్థన చేస్తుంటే శిలువ మీద వెలుగు కనిపించిందని ఎవరో అన్నారు. మహిమ, మహిమ అని అందరూ మోకాళ్ల మీద పడ్డారు. ఒకాయన మాత్రం అది కొవ్వొత్తి వెలుతురు పడి మెరిసినట్టుంది కదా అన్నాడు. ఆయన "కొత్త క్రైస్తవుడు", అంటే మొన్నమొన్నటి దాకా యూదుడు. ఆయన్ని బయటికి ఈడ్చి చంపి, ఆ కూడలిలోనే తగలబెట్టారు. తర్వాత డొమినికన్ సన్యాసులు శిలువ పట్టుకుని ముందు నడిస్తే ఊరు వెనక నడిచింది. నదిలో లంగరేసిన విదేశీ ఓడల నావికులూ దిగి కలిశారు. మూడు రోజులు సాగింది. చచ్చిపోయినవాళ్లు 2,000 అని కొందరు, 4,000 దాకా అని కొందరు రాశారు. తర్వాత రాజు చాలామందిని ఉరితీయించాడు, రెచ్చగొట్టిన ఇద్దరు సన్యాసులకూ మరణశిక్ష వేయించాడు. ఆ రాయి మాత్రం 2008లో గానీ పెట్టలేదు. అయిదు వందల రెండేళ్లు పట్టింది.

అసలు ఈ "కొత్త" క్రైస్తవులు ఎక్కణ్ణించి వచ్చారన్నది ఇంకా ఘోరం. 1492లో స్పెయిన్ తన యూదుల్ని వెళ్లగొడితే వేలకు వేలమంది సరిహద్దు దాటి పోర్చుగల్ వచ్చారు. నాలుగేళ్లు తిరక్కుండానే మాన్యుయెల్‌కి స్పెయిన్ రాకుమారిని చేసుకోవాలనిపించింది. యూదులు నీ రాజ్యంలో ఉంటే పిల్లనివ్వం అన్నారు వాళ్లు. చూశావా, అక్కడా కథ పెళ్లి సంబంధం దగ్గరే మొదలైంది. 1496 డిసెంబరులో ఆజ్ఞ వచ్చింది, పది నెలల్లో దేశం వదలాలని. కానీ వైద్యులు, వ్యాపారులు, పనితనం ఉన్నవాళ్లు, డబ్బున్నవాళ్లు అందులోనే ఉన్నారు. వాళ్లు పోతే రాజుకే నష్టం. అందుకని పొమ్మన్నాడు, పోనివ్వలేదు. 1497 ఈస్టరు రోజుల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని తల్లుల చేతుల్లోంచి లాక్కుని బాప్తిస్మం ఇప్పించారు. ఓడలు లిస్బన్ నుంచే అన్నారు. ఓడల కోసం వచ్చిన వేలమందిని రోసియో చౌకు దగ్గర ఎస్తావుస్ అనే భవనంలో కూడేసి, బలవంతంగా వాళ్లకీ నీళ్లు చల్లారు. పైగా ఇరవయ్యేళ్ల దాకా మీ నమ్మకాల గురించి ఎవరూ ఆరా తీయరని రాజు మాటిచ్చాడు.

అది వసంతం. అదే ఏడాది జులై 8న గామా ఓడలు కదిలాయి. సూర్యుడి ఎత్తు కొలిచి సముద్రంలో ఎంత దక్షిణానికి వచ్చామో తెలుసుకోవడానికి పట్టికలు కావాలి కదా, అవి తయారుచేసినాయన అబ్రహాం జకూతో, యూదు ఖగోళ పండితుడు. ఆ పట్టికలు 1496లో లెయిరియాలో అచ్చయ్యాయి. లెక్క కట్టి దారి చూపించిన మనిషి ఆ దేశంలో బతకలేక ట్యునిస్ వెళ్లిపోయాడు. ముప్పై రెండేళ్లు గామా పేరు బోర్డు మీద రాశాను, ఈయన పేరు ఒక్కసారి కూడా రాయలేదు.

ఇప్పుడు పేర్ల సంగతి. బాప్తిస్మం అయ్యాక వాళ్లందరికీ మామూలు పోర్చుగీసు పేర్లే వచ్చాయి, చాలామందికి దగ్గరుండి బాప్తిస్మం ఇప్పించినవాళ్ల ఇంటిపేర్లే. చెట్ల పేరున్న ఇంటిపేర్లు, పెరీరా, ఒలివేరా లాంటివి యూదులవేనని ఒక నమ్మకం ఉంది. అది ఉత్తిదే, ఆ పేర్లు అందరికీ ఉన్నాయి. ఒకే చర్చి, ఒకే భాష, ఒకే బట్టలు, ఒకే పేర్లు. చూస్తే తెలియదు. తెలియకపోవడమే అక్కడ పెద్దల గుండెల్లో రాయి పడేలా చేసింది. చూసి చెప్పలేనప్పుడు అడిగి తెలుసుకోవాలి. అడిగే పనికి ఒక యంత్రాంగం కావాలి.

అది 1536లో వచ్చింది, మాన్యుయెల్ కొడుకు మూడో జువావ్ కాలంలో, పోప్ అనుమతితో. పేరు ఇంక్విజిషన్, అంటే మత విచారణ కోర్టు. లిస్బన్‌లో దాని కచేరీ ఎక్కడ పెట్టారంటావ్? ఆ ఎస్తావుస్ భవనంలోనే. వాళ్లని కూడేసి క్రైస్తవుల్ని చేసిన చోటే, మీరు సరైన క్రైస్తవులేనా అని కూర్చోబెట్టి అడిగారు. ఇప్పుడక్కడ జాతీయ నాటకశాల ఉంది. సావ్ డొమింగోస్ చర్చికి నాలుగడుగులు, నువ్వు రోజూ దాని ముందునుంచే నడుస్తూ ఉంటావు.

ఎవరు దొంగచాటుగా యూదులుగా బతుకుతున్నారో కనిపెట్టడానికి గుర్తులు ప్రకటించారు. ఇరుగుపొరుగు వినాలి, చూడాలి, వచ్చి చెప్పాలి. శుక్రవారం ఇల్లు శుభ్రం చేసుకోవడం. సాయంత్రం కొత్త వత్తులేసి దీపం పెట్టడం. మర్నాడు ఉతికిన బట్టలు కట్టుకోవడం. పంది మాంసం తినకపోవడం. చదువుతూ చదువుతూ నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. శుక్రవారం తలంటుకుని, గడప కడిగి, ఉతికిన చీర కట్టి, దీపం పెట్టే దాన్ని నేను. పైగా శాకాహారం. ఆ రోజుల్లో లిస్బన్‌లో ఉంటే నన్ను వారం తిరిగేలోపు పట్టుకుపోయేవాళ్లు.

పట్టుకుపోయాక నేరం ఏమిటో చెప్పరు. చెప్పింది ఎవరో చెప్పరు. నువ్వే గుర్తు చేసుకుని ఒప్పుకోవాలి. ఎవరెవరితో కలిసి చేశావో వాళ్ల పేర్లూ చెప్పాలి. ఎవరు చెప్పారో తెలియదు కనుక తల్లినీ, చెల్లినీ, వదిననీ, గుర్తొచ్చిన అందర్నీ చెప్పేవాళ్లు. కొందరి పేర్లు దాచినట్టు తేలితే ఆ ఒప్పుకోలు చాలదని మరణశిక్ష దాకా వెళ్లేది. ఆస్తి మాత్రం అరెస్టు నాడే జప్తు. రాజులకి వీళ్లంటే పడదా అంటే, డబ్బు దగ్గర బాగానే పడేది. 1605లో కొత్త క్రైస్తవులు 17 లక్షల క్రుజాదోలు (అప్పటి వాళ్ల నాణేలు) కట్టడానికి ఒప్పుకుంటే సామూహిక క్షమాభిక్ష వచ్చింది. పాపానికి కూడా రేటు కుదిరింది.

నన్ను పట్టేసింది మంటలూ చెరసాలలూ కాదు, ఒక గుమాస్తా పని. పేరు "రక్తశుద్ధి". మంచి ఉద్యోగం కావాలన్నా, గౌరవ బిరుదు కావాలన్నా, ఫాదరీ అవ్వాలన్నా, చివరికి ఇంక్విజిషన్‌కి ఊళ్లో మనిషిగా చేరాలన్నా, నీ రక్తంలో కల్తీ లేదని తేలాలి. అర్జీ పెట్టుకుంటే విచారణాధికారి నీ తాతలు, అమ్మమ్మలు పుట్టిన పల్లెలకి పోతాడు. నీ ఇంటికి రాడు. ఊళ్లో ముసలివాళ్లని పిలుస్తాడు, పక్కన నోటరీ రాసుకుంటుంటాడు. ఫలానా వాళ్లు తెలుసా? ఎవరి పిల్లలు? పాత క్రైస్తవులేనా? యూదు, మూర్ (ముస్లిం), ములాటో (తెల్ల నల్ల కలిసిన సంతానం), లేక మరే మలిన జాతి రక్తమైనా ఉందని ఎప్పుడైనా విన్నారా? విన్నారా అనే అడిగేది, చూశారా అని కాదు. ఖర్చంతా అర్జీదారుడిదే. కొన్ని బిరుదులకైతే తాత చేత్తో పనిచేసి బతికినవాడు కాకూడదు, దాన్ని "చేతిపని దోషం" అన్నారు. రక్తానికి భిన్నాలు కూడా వేశారు. సగం కొత్త క్రైస్తవుడు, పావు కొత్త క్రైస్తవుడు, అరపావు. లెక్కల మాస్టారికి ఇస్తే బాగా చెప్పేవాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అధికారిని నేను చూశాను, అందుకు.

1983 వేసవి. మీ పెద్దమ్మకి గుడివాడ వైపు నుంచి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులయ్యాయి, వాళ్లకి పిల్ల నచ్చింది, తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి. ఒకరోజు పొద్దున్నే తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన సైకిల్ మీద మా ఊళ్లోకి వచ్చి, రావిచెట్టు కింద టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. మా గుమ్మం తొక్కలేదు. టీ తాగుతూ కొట్టతన్ని అడిగాడు, సెలూన్ అతన్ని అడిగాడు, అరుగు మీద కూర్చున్న ఓ ముసలాయన్ని అడిగాడు. ఆ ముసలాయనకి కళ్లు సరిగ్గా కనిపించవు, నోరు మాత్రం ఊరికుండదు. "వాళ్ల ముసలమ్మ ఈ వైపు మనిషి కాదురా, ఎక్కణ్ణించి తెచ్చుకున్నారో మరి" అన్నాడట. మా నాయనమ్మది బరంపురం. మాట యాస వేరు, అంతే. వారం తిరిగేసరికి జాతకాలు కుదరలేదని కార్డు ముక్క వచ్చింది. అసలు సంగతి టీకొట్టతను మా నాన్నకి ఎప్పటికో చెప్పాడు. అక్కకి అప్పటికే ఆకుపచ్చ పట్టుచీర మీదకి జాకెట్టు కుట్టించేశారు. అది చాలాకాలం పెట్టెలోనే ఉండేది. బొత్తాలు కూడా కుట్టలేదు దానికి.

(బొత్తాం కూడా వాళ్ల మాటేనట. బాల్చీ, అలమర, ఇస్త్రీ, మేస్త్రీ, వేలం అన్నీ. నువ్వు అక్కడి కొట్లో చేతులూపి బకెట్ అడిగితే వాడు "బాల్దె" అన్నాడని పడీపడీ నవ్వావే, అదీ సంగతి.)

పోర్చుగల్లో ఆ పెద్దాయనకి ముద్ర, నోటరీ, దస్త్రం ఉండేవి. మన పెద్దాయనకి సైకిలుంది. అంత తేడా చిన్నది కాదు, నాకు తెలుసు. అక్కడ ఆ కాగితం వెనక ప్రభుత్వం ఉంది, చెరసాల ఉంది, మనుషుల్ని కాల్చిన మంట ఉంది. రెండూ ఒకటేనని నేను అనను. ప్రశ్న మాత్రం ఒకటే. "మనవాళ్లేనా?"

నీ కూడలిలో ఇంకో సంగతి ఉంది. ఫోటోలో ఆఫ్రికా ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు చూడు. ఆ చోటు వాళ్లకి కొత్త కాదు. ఆ చర్చిలోనే నల్లజాతి వాళ్ల రోజరీమాత సంఘం ఒకటి ఉండేది. 1551 నాటి లెక్క ప్రకారం లిస్బన్‌లో లక్ష మంది జనం, అందులో 9,950 మంది బానిసలు. పదిమందిలో ఒకరు. వాళ్లని ఇంటిపేరు అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

ఇక గార్సియా ద ఓర్తా. ఈయన కథ కోసమే సగం ఉత్తరం రాస్తున్నాను. 1500 ప్రాంతంలో పోర్చుగల్ సరిహద్దు ఊళ్లో పుట్టాడు. అమ్మానాన్నలు స్పెయిన్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు, తర్వాత బాప్తిస్మం అయినవాళ్లు. వైద్యం చదివి, 1534లో గోవా వచ్చి, గవర్నర్లకీ, అహ్మద్‌నగర్ సుల్తానుకీ వైద్యం చేశాడు. మన మందుమొక్కల మీద, మసాలాల మీద ఆయన రాసిన పుస్తకం 1563లో గోవాలో అచ్చయింది. అందులో ఒకచోట అంటాడు, ఇక్కడ ఎవరూ తండ్రి వృత్తి వదలరు, చెప్పులు కుట్టే "కాస్తా" వాళ్లంతా ఒకటే అని. కాస్తా అంటే వాళ్ల భాషలో వంశం, జాతి, పశువుల్లో అయితే మంచి రకం. మనల్ని చూసి వాళ్లు వాడిన ఆ మాటే తిరిగి తిరిగి ఇంగ్లీషులో క్యాస్ట్ అయి, నా స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లో ఒక గడై కూర్చుంది.

ఎదుటివాళ్ల కాస్తా గురించి అంత నిదానంగా రాస్తున్నప్పుడు ఆయన తన కాస్తాని గుండెల్లో దాచుకుని ఉన్నాడు. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1560లో, గోవాకీ ఇంక్విజిషన్ వచ్చింది. ఆయన అదృష్టం, 1568లో మామూలుగా చనిపోయాడు. మరుసటి ఏడాది చెల్లెలు కాతరీనాని కాల్చారు. 1580లో ఆయన ఎముకల్ని సమాధిలోంచి తవ్వి తీసి కాల్చారు. చచ్చి పన్నెండేళ్లయిన మనిషిని కూడా నువ్వు ఎవరి తాలూకు అని అడిగారు.

మనకి కులం వాళ్లు నేర్పారని ఎక్కడైనా అంటే నమ్మకు. అది వాళ్ల ఓడ రాకముందు నుంచీ ఉంది. వాళ్లది మాట, పని మనదే. ఆ రిజిస్టర్లో గడి నేనే నింపేదాన్ని. ఆ గడి వల్ల స్కాలర్‌షిప్ వచ్చి పైకొచ్చిన పిల్లలు ఎంతమందో నాకు తెలుసు, దాన్ని తీసెయ్యమనడం లేదు నేను. నింపేటప్పుడు నా గొంతు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉండేది. నేను చెప్పేది అదీ. కొందరి తండ్రులు జవాబు చెప్పేముందు గుటక మింగేవాళ్లు. అప్పుడు చూశాను. పట్టించుకోలేదు.

ఆ కాగితాల పని అక్కడ ఎలా ఆగిందో కూడా చెప్పాలి, అందులో కాస్త నవ్వుకునేది ఉంది. 1755 నవంబరు 1 భూకంపం లిస్బన్‌ని నేలమట్టం చేశాక పొంబాల్ అనే మంత్రి చేతిలోకి అధికారమంతా వచ్చింది. మంచివాడనుకోకు. 1759 జనవరిలో రాజు మీద కుట్ర చేశారని తావొరా అనే పెద్ద కులీన కుటుంబాన్ని బెలేంలో నిలువునా చంపించాడు. జెసూట్లనే క్రైస్తవ సన్యాసుల సంఘాన్ని తరిమేశాడు. ఇంక్విజిషన్‌కి తన తమ్ముణ్ణే పెద్దని చేసి, అదే కత్తి తన శత్రువుల మీద వాడాడు. అలాంటివాడికి కులీనుల్లో ఒక గుంపు మీద కన్ను పడింది. మా ఇళ్లల్లో ఏనాడూ కల్తీ లేదు, మాలో మేమే ఇచ్చిపుచ్చుకుంటాం అనే ఇళ్లవాళ్లు. వాళ్లని "ప్యూరితానో"లనేవాళ్లు. 1768లో వాళ్ల మీద ఒక రహస్య ఉత్తర్వు తెచ్చాడు: పెళ్లీడు పిల్లలుంటే మీరు ఇన్నాళ్లూ వద్దన్న ఇళ్లతోనే వియ్యమందండి అని. సర్కారు పెళ్లిళ్ల పేరయ్య అవతారమెత్తిందన్నమాట! 1773లో ఏకంగా పాత క్రైస్తవుడు, కొత్త క్రైస్తవుడు అన్న తేడానే చట్టంతో కొట్టేశాడు. ప్రేమతో కాదు, వ్యాపారులూ వాళ్ల డబ్బూ కావాలి, పాత కులీనుల పొగరు అణగాలి. ఎందుకైతేనేం, అయింది. ఇంక్విజిషన్ మాత్రం 1821 దాకా చావలేదు.

ఇంకొకటి చదివి పకపకా నవ్వాను. 2015లో పోర్చుగల్ అప్పట్లో వెళ్లగొట్టిన యూదుల సంతతికి పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టిందట, తర్వాత నిబంధనలు బిగించారు. దానికి ఏం కావాలన్నారు? మా ముత్తాతల ముత్తాతలు అక్కడి యూదులే అని రుజువు. రెండు వందల ఏళ్లకి పైగా ఏ రక్తం లేదని కాగితాలు పుట్టించుకున్నారో, ఆ రక్తం ఉందని కాగితం తెస్తే పాస్‌పోర్టు. అక్కడ కాస్తా అన్న మాట ఇప్పుడు ద్రాక్ష రకాలకి వాడతారట, వైన్ సీసాల మీద రాసి ఉంటుందట. నువ్వు చూశావో లేదో నేను అడగను.

నెల్లూరు వైపు అబ్బాయి అని నువ్వన్న ఒక్క ముక్క పట్టుకుని, మొన్న మీ నాన్న ఎవరికో ఫోన్ చేసి "కాస్త కనుక్కోండి, మనవాళ్లేనా" అంటుంటే వంటింట్లోంచి విన్నాను. వెళ్లి ఫోన్ తీసుకుని, కనుక్కోవాల్సింది ఏమైనా ఉంటే నేనే కనుక్కుంటానని పెట్టేశాను. నాలుగు రోజులుగా ఆయన నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నారు. ఆయన్ని నాకొదిలెయ్. మీ పెద్దమ్మ పెళ్లి చెడిన ఏడాది ఆయన ఇంకా ఈ ఇంటి మనిషి కాదు, ఆ జాకెట్టు సంగతి ఆయనకి తెలియదు. ఈ రాత్రి చెప్తాను.

శనివారం వీడియో కాల్ చెయ్యి, మీకు పొద్దున్న తొమ్మిదైతే నాకు మధ్యాహ్నం, ఆ టైముకి మీ నాన్న నిద్రపోతారు. అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. టెన్షన్ పడొద్దని చెప్పు, ఒక్కటే అడుగుతాను: చారు పెట్టడం వచ్చా, రాదా.

అమ్మ